అతుకు కనపడని నేల

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం క్లినిక్ సొరుగులోనే ఉంటుంది. ఇంటికి తీసుకెళ్ళను. ఇంట్లో దీన్ని చదవగలిగేది ఈయన ఒక్కరే, ఆయన కరెంటు బిల్లు కూడా చివరిదాకా చదవరు. అయినా ఇక్కడే ఉండాలి. ఆ ఇంట్లో నాకంటూ ఒక సొరుగు లేదు.

ఈయన ఒప్పుకున్నారు! హాలు, వంటిల్లు, మా గది, వరండా, అన్నిటికీ టైల్స్. పళ్ళ డాక్టరు గారి దగ్గర రిసెప్షన్‌లో చేరినప్పటి నుంచి ఈ నేలనే చూస్తున్నాను. తెల్లటి పోర్సలిన్, లోపల సన్నగా బూడిదరంగు చారలు. బుగ్గ పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళు కూడా ఒక్క క్షణం కిందికి చూసి చెప్పులు విప్పేస్తారు. ఇంటికి పోతే హాల్లో నల్లబండలు, వంటింట్లో పెచ్చులూడిన గచ్చు, వరండాలో గీతల సిమెంటు. ఎంత తుడిచినా తుడిచినట్టు ఉండదు.

వదిన, అంటే ఈయన అక్క, వద్దంది. అనకపోతే ఆశ్చర్యపోవాలి.

"ఎందుకు వద్దు?" అన్నాను.

"చల్లగా ఉంటుంది."

"బండలు వేడిగా ఉన్నాయా?"

"జారుతుందే."

"మీరెప్పుడు జారారు వదినా?"

"సరేలే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు నేను హాల్లో పడతాను, చూసి నవ్వుకోండి" అంది. ఈయన నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడా నవ్వింది.

డబ్బు పెట్టే తమ్ముడికి లేని బాధ ఈవిడకెందుకట? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అసలు చూపులేని మనిషికి నేల తెల్లగా ఉంటే ఏంటి, నల్లగా ఉంటే ఏంటి?

పేషంటు వచ్చాడు. ఆపుతున్నాను.

మార్చి 5, బుధవారం

రెండు రోజులుగా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ ఇంట్లో కుర్చీ జరపకూడదు. బకెట్టు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. చీపురు తలుపు వెనక ఎడమ మూలన. పెళ్ళయి వచ్చిన వారానికి, వెలుతురు బాగుంటుందని నా కుర్చీ కిటికీ కిందికి లాక్కున్నాను. వదిన దానికి కొట్టుకుంది. ఆ రోజు ఆవిడ నోటికి అంతు లేదు. మళ్ళీ కుర్చీ గోడ పక్కకి పోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మా అమ్మాయి పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసుకుంటోంది. కుర్చీ మాత్రం కదల్లేదు.

అలాగని చెయ్యి పట్టుకుని నడిపిద్దామంటే అదీ పనికిరాదు. కొత్తల్లో ఒకసారి పట్టుకున్నాను. నా చేతి మీద చరిచింది. "నా ఇంట్లో నాకు దారి చూపిస్తావా?" అంది. పెళ్ళీడులో జ్వరం వచ్చి చూపు పోయిందట, ఆ మంచం దిగిన రోజే ఇంట్లో అందరితో ఒట్టు వేయించుకుందట, ఎవరూ పట్టుకోకూడదని. ఈయనకప్పుడు పదేళ్ళు. ఇప్పటికీ ఆ ఒట్టు మీదే ఉన్నారు.

వస్తువు జరపకూడదు, మనిషిని పట్టుకోకూడదు. నేనున్నది ఇంట్లోనా, మ్యూజియంలోనా?

ఇప్పుడు నేల మారుతుంది. మారి తీరుతుంది.

మార్చి 10, సోమవారం

నిన్న టైల్స్ షాపుకి వెళ్ళాం. "అక్క ఇంటికి పెద్ద, ఆవిణ్ణీ తీసుకెళ్దాం" అన్నారు ఈయన. పెద్దరికం షాపుదాకా మోసుకురావాలా?

నాలుగడుగుల పలకలు తలుపుల్లా నిలబెట్టి ఉన్నాయి. షాపు కుర్రాడు ఒక్కోటి తిప్పి చూపిస్తుంటే పుస్తకం పేజీలు తిప్పుతున్నట్టు ఉంది. నాకు కావాల్సింది మూడో స్టాండులోనే దొరికింది. క్లినిక్‌లో ఉన్నదే. ఇంకాస్త మెరుపు ఎక్కువ. నా ముఖం కనపడింది అందులో.

"ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇది వద్దు మేడమ్, మెరుపు లేని మ్యాట్ రకం తీసుకోండి. కాలికి కాస్త పట్టు ఉంటుంది" అన్నాడు.

"మా ఇంట్లో పెద్దవాళ్ళు నాకంటే బాగా నడుస్తారు" అన్నాను.

అబద్ధమేం కాదు. వదిన ఇంట్లో కర్ర ముట్టదు. నిండు టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి వరండాలోకి వెళ్తుంది, చుక్క ఒలకదు. నేను కళ్ళుండీ రోజుకోసారి గడప తన్నుకుంటాను. పాత చుట్టాలు కూడా ఆవిడ చేతికి ఫొటోలిచ్చి "ఎలా ఉంది?" అని అడిగి నాలిక కరుచుకుంటారు.

ఇంతలో ఆవిడ చెప్పులు విప్పింది. నేలమీద నమూనాకి పరిచిన పలకల మీద కాలు పెట్టి బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టింది. ఈ అలవాటు చూస్తే నాకు కంపరం. ఇంట్లోనూ అంతే. వంటింటి గుమ్మం దగ్గర ఆగి రుద్దుతుంది, వరండా దగ్గర ఆగి రుద్దుతుంది, అప్పుడు అడుగేస్తుంది. షాపులో ఒక్కో పలక మీద రుద్దుకుంటూ ఆ చివరిదాకా పోయింది.

"ఇవన్నీ ఒకటే కదా?" అంది.

"అయ్యో అమ్మగారూ, ఇరవై రకాలున్నాయి!" అన్నాడు కుర్రాడు.

"నాకు ఒకటే."

చివర్లో ఒకదాని మీద ఆగింది. ఎత్తుపల్లాలుగా ఉన్న బూడిదరంగు పలక. "ఇది బాగుంది. ఇది వేయించండి, కొంచెమైనా" అంది. కుర్రాడు పళ్ళికిలించాడు. "అది కార్లు పెట్టే చోట వేసేదమ్మా!"

అందరం నవ్వాం. ఆవిడ చెప్పులు తొడుక్కుంది. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. నా ఉత్సాహం చూసి ఓర్వలేక, అంతే.

మార్చి 11, మంగళవారం

ఆర్డరిచ్చేశాం. మెరిసేదే. ఇల్లంతా ఒకటే రకం.

మార్చి 14, శుక్రవారం

వదిన గది తప్ప.

"నా గది జోలికి రావద్దు. నా గచ్చు నాకు చాలు" అంది. నిన్న పొద్దున్నే, నేను డ్యూటీకి బయల్దేరేటప్పుడు. ఈయనేమో "పోనీలే, అక్క ఇష్టం" అంటూ తేలు కుట్టిన దొంగలా పేపరులో తల దూర్చారు. ఇల్లంతా అద్దంలా మెరుస్తూ మధ్యలో ఒక గది మాత్రం పాత గచ్చుతో ఉంటే చూసేవాళ్ళేమంటారు? ఆడబిడ్డని ఓ మూలకి నెట్టిందంటారు నన్ను. ఆవిడకు కావాల్సింది అదేనేమో!

అడిగేశాను కూడా. "నన్ను చెడ్డదాన్ని చెయ్యాలనా వదినా?"

"నువ్వు మంచిదానివని ఎవరన్నారు?" అంది, కేన్ బద్దని నోట్లో తడుపుకుంటూ. ఊరందరి కుర్చీలూ అల్లుతుంది ఈ మనిషి. మా ఇంట్లో నా కుర్చీ అల్లిక జారిపోయి ఉయ్యాలైంది. ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాంలే" అంటుంది.

మార్చి 18, మంగళవారం

పగలగొట్టడం మొదలైంది. పాత నేల మీదే వేస్తే తలుపులు తెరుచుకోవట, అందుకని మొత్తం తవ్వేస్తున్నారు. మేస్త్రికి నేను పెట్టిన పేరు లెవెల్ మేస్త్రి. నోరు తెరిస్తే లెవెలు. "లెవెలుంటే గోళీ పెట్టిన చోటే ఉంటుందమ్మా. లెవెలు లేని ఇల్లు ఇల్లేనా?" గొట్టంలో నీటిబుడగ చూపించి పాఠం చెబుతాడు. అసలు పని మొదలుపెట్టేది మాత్రం రెండో టీ తర్వాత.

బండలు పెకలిస్తుంటే వదిన పెరట్లో కూర్చుని వింటోంది. చేతిలో కుర్చీ ఉంది, చేతులు మాత్రం కదలడం లేదు.

మార్చి 20, గురువారం

పెకలించిన బండలన్నీ పెరటి గోడకి ఆనించి పెట్టారు. ఎప్పుడు ఎత్తిస్తారని ఈయన్ని అడిగాను. "చూద్దాం." అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే బళ్ళో చదివారు.

మార్చి 25, మంగళవారం

మేస్త్రితో గొడవ. పలకకీ పలకకీ మధ్య వేలెడు సందు వదిలాడు మొదటి వరసలో. క్లినిక్‌లో అలా లేదు. అతుకు కనపడకూడదన్నాను.

"సందు కావాలమ్మా, లేకపోతే ఎండకి పొంగుతాయి."

"సందుంటే ఉండనీ. నాకు కనపడకూడదు."

గొణుక్కుంటూ మళ్ళీ పీకాడు. ఇప్పుడు దారమంత సందు. దాంట్లో టైలు రంగు పొడే నింపుతాడట. "ఇంక చూసుకోండి, గోరు కూడా ఆనదు" అన్నాడు రోషంగా.

అదీ పనంటే.

మార్చి 31, సోమవారం

శనివారం అయిపోయింది. నిన్నంతా నేనే తుడిచాను, మూడుసార్లు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి, ఎక్కడా గీత లేదు, మెట్టు లేదు, గడపలు కూడా తీయించేశాను. పాలు పోసినట్టు ఒకటే నేల. కిటికీలోంచి వెలుగు పడితే గోడలు కూడా తెల్లబడ్డాయి.

నా కుర్చీ కిటికీ కిందికి లాగాను. పెద్ద గొంతుతో చెప్పాను. "వదినా, కుర్చీ కిటికీ కింద పెట్టాను!"

నడుం బిగించుకుని నిలబడ్డాను యుద్ధానికి.

"సరే" అంది గదిలోంచి.

సరే! ఇన్నేళ్ళలో మొదటిసారి. అంత తేలిగ్గా సరే అనేదానివి అప్పుడే అనచ్చుగా? నాకు సంతోషం వెయ్యాలి. తల పగిలేంత కోపం వచ్చింది.

ఏప్రిల్ 2, బుధవారం

గదిలోంచి రావడం లేదు. అలక.

ఏప్రిల్ 4, శుక్రవారం

అలకే. ఇంకేంటి?

పొద్దున నేను వెళ్ళేముందు "సీసాలో నీళ్ళు పోసి పెట్టు" అంది. మధ్యాహ్నం తినేది కూడా గదిలోనే పెట్టమంది. ఇన్నాళ్ళూ తన పళ్ళెం తనే పెట్టుకుని, తనే కడుక్కుని, నేను కడిగిన గిన్నెలు వాసన చూసి మరీ వంకలు పెట్టే మనిషి! ఇప్పుడు మహారాణిలా మంచం మీదికి తెప్పించుకుంటోంది. కొత్త నేల మీద కాలు పెట్టనని పంతం. నేను సరదాపడి వేయించుకున్న దాన్ని తొక్కడానికి కూడా పనికిరాదన్నమాట.

బాత్రూమ్‌కి మాత్రం గోడ పట్టుకుని పోతోంది. తెల్లగోడ మీద చేతి మరకలు. రోజూ తుడుస్తున్నాను. నన్ను సాధించడానికి గోడ కూడా పనికొచ్చింది.

ఏప్రిల్ 7, సోమవారం

ఆవిడ అల్లిన కుర్చీలు కొనే సంస్థకి ఒక హాస్టలుంది. చూపులేని ఆడవాళ్ళు అక్కడే ఉండి పని చేసుకుంటారు. నిన్న ఫోను చేసి మాట్లాడుకుందట. ఖాళీ ఉందట. వచ్చే ఆదివారం వ్యాను పంపిస్తారట.

మాతో ఒక్క మాట లేదు. అన్నీ అయ్యాక, "ఆదివారం వెళ్తున్నాను" అంది, వాతావరణం చెప్పినట్టు.

ఈయన ముఖం పాలిపోయింది. "ఎందుకక్కా? ఇక్కడేం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదురా. నాలాంటివాళ్ళు నలుగురుంటారు, కాలక్షేపం."

ఆవిడ నోట "నాలాంటివాళ్ళు" అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

వెళ్ళమనండి! టైల్స్ వేయిస్తే ఇల్లు వదిలి వెళ్ళిపోయేవాళ్ళు లోకంలో ఉంటారా? రేపు అందరూ నన్నే అంటారు. పుండు మీద కారం చల్లడం ఈవిడ దగ్గరే నేర్చుకోవాలి. వెళ్తే వెళ్ళనీ. ఆ గది కూడా తవ్వించేస్తాను.

ఏప్రిల్ 10, గురువారం, పొద్దున

ఈరోజు ఏమీ రాయను.

ఏప్రిల్ 10, గురువారం

నిన్న డాక్టరు గారు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. నేను ఒంటిగంటకల్లా ఇల్లు చేరాను. తాళంచెవితో తలుపు తీశాను. మొన్ననే నూనె వేసిన తలుపు, చప్పుడు లేదు.

వదిన హాలు మధ్యలో నిలబడి ఉంది. చేతిలో ఖాళీ సీసా. పొద్దున నేను నీళ్ళు నింపడం మర్చిపోయాను.

కుడికాలు ముందుకి చాపి బొటనవేలితో రుద్దింది. పక్కకి తిరిగి రుద్దింది. ఇంకోవైపు రుద్దింది. ఎటు రుద్దినా ఒకటే. వంటిల్లు ఆవిడ వెనక ఉంది, ఆవిడేమో వరండావైపు నాలుగడుగులు వేసింది. చెప్పుల స్టాండుకి చెయ్యి తగిలింది. అదేమిటో తడిమి చూసుకుని అక్కడే ఆగిపోయింది.

నేను గట్టిగా ఊపిరి తీశానేమో. "ఎవరూ?" అంది.

ఆ గొంతు నాకు తెలీదు. నన్ను ఇన్నేళ్ళు తిట్టిన గొంతు కాదు. భయపడిన గొంతు.

నేను పలకలేదు. ఎందుకు పలకలేదో తెలీదు.

తెలుసు. పలికితే నేను చూశానని ఆవిడకి తెలిసిపోతుంది.

ఎవరూ లేరనుకుంది. మెల్లగా కూర్చుంది. సీసా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ నేలమీద పరిచింది. గోరుతో అతుకు వెతికింది. పలక అంచు దొరికితే దాని వెంట పోవచ్చని కాబోలు. గీకింది, ఇంకాస్త పక్కన గీకింది. గోరు కూడా ఆనదని మేస్త్రి చెప్పాడు. మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత చేతుల మీద, మోకాళ్ళ మీద పాక్కుంటూ గోడ దగ్గరికి పోయి, గోడ వెంటే తన గది దాకా పోయింది. మా వదిన. నిండు టీ గ్లాసుతో నడిచే మనిషి. గది గచ్చు మీద చెయ్యి పడగానే లేచి నిలబడి, చీర దులుపుకుని, తిన్నగా మంచం దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది.

నల్లబండ నున్నగా ఉండేది. వంటింటి గచ్చుకి పెచ్చులు. వరండాకి గీతలు. నేను రోజూ తిట్టుకుంటూ తుడిచిన నేల.

బయటికి వెళ్ళిపోయాను. వీధి చివరిదాకా పోయి మళ్ళీ వచ్చాను. గేటు ధనామని వేసి, "వదినా, వచ్చేశాను!" అని అరిచాను.

"ఏం, డాక్టరు వెళ్ళగొట్టాడా?" అంది లోపల్నుంచి, మామూలు గొంతుతో.

సీసా నింపి పెట్టాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

రాత్రి తినే దగ్గర ఈయనతో పెద్ద గొడవ. గదిలోకి వినపడకుండా పళ్ళ మధ్య నుంచి అరవడం ఎంత కష్టమో!

"మీ అక్క కదా! ఒక్క కడుపున పుట్టారు కదా! మీకు తెలీదా ఆవిడ నేలని బట్టి నడుస్తుందని?"

"ఎప్పుడూ బాగానే తిరుగుతుందిగా..."

"టైల్స్ వేశాక ఎప్పుడు తిరగడం చూశారు?"

ఆలోచించారు. నోట్లో ముద్ద అలాగే ఉంది.

"నువ్వూ ఇంట్లోనే ఉన్నావుగా" అన్నారు చివరికి.

పళ్ళెం తోసేసి లేచిపోయాను. నిజం చెప్పినవాడి మీద వచ్చినంత కోపం ఇంకెవరిమీదా రాదు.

అసలు తప్పు ఆవిడది. ఆవిడకి చూపు లేదన్న సంగతి మమ్మల్ని మర్చిపోనిచ్చింది. పట్టుకోవద్దంది, జాలిపడొద్దంది, మాతో సమానంగా పోట్లాడింది. హాయిగా మర్చిపోయాం. ఇప్పుడేమో హాస్టలు! చెబితే నోరు అరుగుతుందా?

రేపు మేస్త్రిని రమ్మన్నాను.

ఏప్రిల్ 14, సోమవారం

శనివారం సెలవు పెట్టాను. ఈయనకి చెప్పలేదు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక మేస్త్రి వచ్చాడు. నేలమీద సుద్దముక్కతో గీసి ఉంచాను. వదిన గది గుమ్మం నుంచి వంటింటికి ఒక దారి, మధ్యలో చీలి వరండాకి, బాత్రూమ్‌కి. పెరట్లో ఉన్న పాత బండలు ఆ గీతల మధ్య వెయ్యమన్నాను. గరుకువైపు పైకి పెట్టి.

మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు. "మతి ఉండే అంటున్నారా అమ్మా?"

"కొయ్యి."

"ఇలాంటి లెవెలు ఈ వీధిలో ఎవరింట్లో ఉంది? గోళీ వేసి చూడండి. నా చేత్తో వేసింది నా చేత్తోనే పగలగొట్టనా? నావల్ల కాదు. చుట్టాలకి మీ ఇల్లు చూపిద్దామనుకుంటున్నాను నేను."

"నువ్వు కొయ్యకపోతే నేను పగలగొడతాను."

"పగలగొట్టండి చూద్దాం" అన్నాడు.

వాడి సంచిలోంచి సుత్తి తీశాను. నేను మూడుసార్లు తుడిచి ముఖం చూసుకున్న పలక మీదే కొట్టాను. సుత్తి ఎగిరి వెనక్కి వచ్చింది, పలకకేమీ కాలేదు. అంత గట్టిది ఏరుకున్నాను మరి. ఎవరి మీదున్న కోపమో తెలీదు, అందరి మీదా ఉన్నదంతా కలిపి మళ్ళీ కొట్టాను. నాలుగో దెబ్బకి పగిలింది.

"ఆగండాగండి! పక్కవి కూడా పోతాయి!" అని మేస్త్రి సుత్తి లాక్కున్నాడు.

"ఏంటా చప్పుడు?" వదిన తన గది గుమ్మంలో నిలబడి ఉంది. పాదాలు గచ్చు మీద, వేళ్ళు సరిగ్గా అంచున.

"టైల్స్ పగలగొడుతున్నాను."

"ఎందుకు?"

అప్పుడు నోరు జారింది. జారితే జారింది. "నోరుందిగా మీకు! వీధి చివరిదాకా వినపడే నోరు! ఉప్పెక్కువైందని చెప్పడానికొస్తుంది, గిన్నె జిడ్డుగా ఉందని చెప్పడానికొస్తుంది. ఈ నేల మారిస్తే నేను నడవలేనే అని ఆ ఒక్క ముక్క చెప్పడానికి రాలేదా?"

మేస్త్రి గోడవైపు తిరిగి టేపుతో కొలవడం మొదలుపెట్టాడు, ఆ గోడతో వాడికేం పనో.

వదిన నా గొంతువైపు తల తిప్పింది. "బుధవారం తలుపు దగ్గర ఉన్నది నువ్వేనా?" అంది.

"నేనే."

"అనుకున్నాను. దొంగైతే ఏదో ఒకటి ఎత్తుకుపోయేవాడు."

"నా మాటకి జవాబు చెప్పండి."

"చెబితే ఏం చేసేదానివి?"

"మానేసేదాన్ని!"

"అందుకే చెప్పలేదు" అంది. "చల్లగా ఉంటుందన్నాను, జారుతుందన్నాను. అంతకంటే గట్టిగా అనలేకపోయాను. కాపరానికొచ్చినప్పటి నుంచి చీపురు కూడా నేను చెప్పిన చోటే పెట్టావు. నువ్వు పళ్ళు నూరుకోవడం నాకు వినపడదనుకున్నావా? నేల కూడా నాకోసం మానుకుంటే ఇంక నీ ఇల్లు ఎక్కడుందే?"

ఏం చెయ్యాలి ఈ మనిషిని? తిట్లతో కొట్టింది చాలక ఇప్పుడు మంచితనంతో కొడుతోంది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకి వినపడకూడదని మేస్త్రి మీద అరిచాను. "నిలబడి వింటావేం? కొయ్యి!"

కోశాడు. శనివారమంతా, ఆదివారం సగం. ఈయన వచ్చి గుమ్మంలోనే బ్యాగు జారవిడిచి, నా ముఖం చూసి, పెరట్లోకి వెళ్ళి బండలు మోశారు.

ఆదివారం పదింటికి వ్యాను వచ్చింది. డ్రైవరు గేటు దగ్గర హారను కొట్టాడు. వదిన సంచి సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంది. గది ముందు తడి సిమెంటు.

"నేల ఆరలేదు, తొక్కకూడదట. వచ్చే ఆదివారం రమ్మనండి" అని కేక వేసింది.

ఏప్రిల్ 17, గురువారం

నిన్నటికి ఆరింది. ఘోరంగా ఉంది. పాలలాంటి నేల మీద నల్లటి బండల వరస, కొత్త చీరకి గోనెగుడ్డ అతుకు వేసినట్టు. అతుకులు మామూలుగా కాదు, కళ్ళు మూసుకున్నా కనపడతాయి. పక్కింటావిడ వచ్చి "ఇదేం ఫ్యాషను?" అంది. "ఇదే ఫ్యాషను" అన్నాను. లెవెల్ మేస్త్రి కూలి తీసుకుంటూ, ఈ ఇంట్లో పని చేశానని ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు.

నిన్న సాయంత్రం వదిన గది దాటి వచ్చింది. బండ మీద కాలు పెట్టింది. బొటనవేలితో రుద్దింది. నేను వంటింట్లో గిన్నె పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. రెండడుగులు, నాలుగడుగులు. తర్వాత తన మామూలు నడక. హాలు మధ్యలో ఠక్కున ఆగింది.

"ఇక్కడ వంకర తిరిగిందేం?"

"అక్కడ నా కుర్చీ ఉంది. కిటికీ కింద."

"తిన్నగా వేయిస్తే మూడడుగులు కలిసొచ్చేదిగా!"

"కుర్చీ జరపను వదినా. దారే చుట్టు తిరిగి పోతుంది. మీరూ తిరిగి వెళ్ళండి."

యుద్ధం వస్తుందనుకున్నాను. రావాలని కూడా ఉంది. ఆవిడ చెయ్యి చాపి కుర్చీ వీపు పట్టుకుంది, తడిమింది, అల్లిక మీద అరచేత్తో నొక్కి చూసింది.

"ఇంత దరిద్రంగా తయారైందేం ఇది? దీంట్లోనా నువ్వు కూర్చుంటున్నది?"

"ఏళ్ళ తరబడి చెబుతున్నాను మీకు!"

"చెప్పావా?" అంది. వంకర చుట్టూ తిరిగి వంటింట్లోకి వచ్చి, నేను కడిగిన గ్లాసు తీసి వాసన చూసి, మళ్ళీ కడుక్కుని నీళ్ళు తాగింది.

ఒళ్ళు మండిపోయింది.

ఏప్రిల్ 20, ఆదివారం, ఇంట్లో

పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. నిన్న ఈయన్ని అడిగి బీరువాలో ఒక సొరుగు ఖాళీ చేయించాను.

పొద్దున వ్యాను వచ్చింది. వదిన అంతకుముందే నా కుర్చీ అల్లిక మొత్తం విప్పేసి, కట్టె మాత్రం మిగిల్చి, పాత కేనంతా కుప్ప పోసింది. డ్రైవరుతో, "చేతిలో పని ఉంది నాయనా, సగంలో వదిలి రాకూడదు" అంది. ఎప్పటికవుతుందని వాడడిగితే, మంచి కేను దొరకాలిగా అంది. వ్యాను వెళ్ళిపోయింది. ఈయన వరండాలో నిలబడి, దుమ్ము పడిందంటూ కళ్ళు తుడుచుకున్నారు. కొత్త టైల్స్ మీద దుమ్మెక్కడుంది?

ఇప్పుడు సాయంత్రం. కుర్చీ ఇంకా మొదలుపెట్టలేదు. అడిగితే "చూద్దాంలే" అంటోంది. కిటికీ కింద, కుర్చీ ఉండాల్సిన చోట, నేలమీదే కూర్చుని రాస్తున్నాను.

చల్లగా ఉంది. ఆ మాట ఆవిడతో చస్తే అనను.